ట్రైనర్ అంటే కోచ్ కాదు



జోనల్ ఆటలు దగ్గర పడుతున్నాయి. సాయంత్రం అయితే చాలు, గ్రౌండంతా విజిల్సే. ఆటల గురించి మన గోడ పత్రికలో చాలాసార్లు వచ్చింది గానీ, ఆడేవాళ్ల ఒళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. అందుకని ఈసారి అమెరికాలో ఉన్న ఒక ఉద్యోగం గురించి చెప్తాను. దాని పేరు అథ్లెటిక్ ట్రైనర్.

పేరు వినగానే మన పి.ఇ.టి. సారులాగా రౌండ్లు కొట్టించే మనిషి అనుకుంటాం. కాదు. ఈ పేరుతో అక్కడివాళ్లు కూడా తికమక పడుతుంటారు. ఆట నేర్పేది కోచ్. కండబలం పెంచే వ్యాయామాలు చేయించేది ఇంకొకరు. అథ్లెటిక్ ట్రైనర్ అంటే దెబ్బ తగలకుండా చూసే మనిషి, తగిలితే ముందుగా పరుగెత్తుకొచ్చే మనిషి, మానేదాకా వెంట ఉండే మనిషి. సగం ఆస్పత్రి, సగం గ్రౌండు అనుకోండి. 1950లో వీళ్లంతా కాన్సాస్ సిటీలో కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్యానికి సంబంధించిన వృత్తిగా గుర్తించింది. ఇప్పుడు ఈ పనిలో చేరాలంటే మాస్టర్స్ డిగ్రీ చదివి, పైన ఇంకో పరీక్ష పాసవ్వాలి.

పెద్ద కాలేజీల్లో పదీ పదిహేను జట్లుంటాయి. ఒక్కో జట్టుకీ ట్రైనర్లుంటారు. వాళ్లందరికీ పెద్ద, హెడ్ అథ్లెటిక్ ట్రైనర్. ఆయనో, ఆవిడో (ఈ పనిలో ఆడవాళ్లు కూడా చాలామందే) ప్రాక్టీసు మొదలవక ముందే వచ్చేస్తారు. బలహీనంగా ఉన్న చీలమండలకు టేపు చుట్టడం, నిన్న దెబ్బ తగిలినవాళ్లను చూడడం, నీళ్లు, ఐసు సిద్ధం చేయించడం. ఆట అయ్యాక మళ్లీ అదే గదిలో మోకాలు ఆపరేషన్ అయినవాళ్ల చేత వ్యాయామాలు చేయించడం. తర్వాత ప్రతి ఒక్కరి సంగతీ కాగితం మీద రాయడం. డాక్టరుకి కబురు చేయడం, ఏ జట్టు వెంట ఎవరు వెళ్లాలో చూడడం కూడా హెడ్ పనే. చూసేవాళ్లకు టేపు చుట్టడమే కనిపిస్తుంది, రాతపని కనిపించదు.

ఇంకో పని ఉంది. ఎవరైనా గ్రౌండులో పడిపోతే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకుంటారు. అంబులెన్సుకి ఫోన్ ఎవరు చేస్తారు, గేటు తాళం ఎవరి దగ్గరుంది, గుండెకి షాక్ ఇచ్చే యంత్రం ఎక్కడుంది, అన్నీ. 2023 జనవరి 2న సిన్సినాటిలో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచిలో (వాళ్ల ఫుట్‌బాల్ వేరు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది) డామర్ హామ్లిన్ అనే ఆటగాడి ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగిపోయింది. బఫెలో జట్టు అసిస్టెంట్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ అక్కడికక్కడే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. హామ్లిన్ బతికాడు, అదే ఏడాది మళ్లీ ఆడాడు కూడా.

అన్నిటికన్నా కష్టమైన పని “నువ్వు ఈ రోజు ఆడొద్దు” అని చెప్పడం. కోచ్‌కి గెలుపు కావాలి, ఆటగాడికి ఛాన్సు కావాలి. మధ్యలో ట్రైనర్. 2016లో అక్కడి ఐదు పెద్ద కాన్ఫరెన్సుల కాలేజీలు ఒక నియమం పెట్టుకున్నాయి. ఎవరు ఆడాలో వద్దో డాక్టరు, ట్రైనరు చెప్పాక కోచ్ కాదనడానికి వీల్లేదు. నన్నడిగితే ఈ ఒక్క నియమం టేపులన్నిటికన్నా విలువైనది. మనలోనే చూడండి, సెలక్షన్ పోతుందని బెణికిన కాలు దాచిపెట్టి కబడ్డీ ఆడేవాళ్లు ఎంతమంది లేరు! నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ దగ్గర ఎముక మీద నొక్కితే నొప్పెట్టినా ఎక్స్‌రే తీయించాలి. పసుపు పట్టుతో ఆగకూడదు.

ఇక మనకు బాగా దగ్గరి విషయం. 2006 సెప్టెంబరులో టెక్సాస్‌లోని రైస్ యూనివర్సిటీలో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల కుర్రాడు ప్రాక్టీసులో వంద గజాల పరుగులు 16 సార్లు పరిగెత్తి కుప్పకూలాడు. మర్నాడు చనిపోయాడు. అతనికి సికిల్ సెల్ లక్షణం ఉంది. ఆ సంగతి ముందు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత 2010 నుంచి పెద్ద కాలేజీల క్రీడాకారులకు ఈ రక్త పరీక్ష తప్పనిసరి చేశారు, ఎవరికైనా వద్దనుకుంటే సంతకం పెట్టి మినహాయింపు తీసుకోవచ్చన్నారు.

సికిల్ సెల్ మన గిరిజన ప్రాంతాల్లో ఉన్నదే. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే అది లక్షణం మాత్రమే, జబ్బు కాదు. అలాంటివాళ్లు మామూలుగానే ఉంటారు, అన్ని ఆటలూ ఆడొచ్చు. కానీ ఆపకుండా ప్రాణం పెట్టి పరిగెత్తినప్పుడు ఆక్సిజన్ తగ్గి ఎర్ర కణాలు కొడవలిలాగా వంగిపోవచ్చు. సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, కండరాలు దెబ్బతింటాయి.

ట్రైనర్లు దీన్ని ఎలా గుర్తుపడతారంటే, మామూలు తిమ్మిరి పట్టినవాడు అరుస్తాడు, పిక్క రాయిలా గట్టిపడి ఉంటుంది. సికిల్ వల్ల పడ్డవాడు మెల్లగా కూలబడతాడు, “కాళ్లు పని చేయట్లేదు” అంటాడు, పిక్క మెత్తగానే ఉంటుంది. పరుగు మొదలైన కాసేపటికే రావచ్చు. “నటిస్తున్నాడు, లే లే” అనకూడదు. వెంటనే ఆపాలి, ఆక్సిజన్ ఉంటే పెట్టాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రాకుండా ఉండాలంటే మొదటి రోజే టైము పెట్టి పరిగెత్తించకుండా మెల్లగా పెంచుతూ పోవాలి. మధ్యలో విశ్రాంతి, నీళ్లు ఇవ్వాలి, జ్వరం వస్తే ఆపేయాలి.

2023 జూలై 1న షాదోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు కార్డు ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. కార్డు ఉన్నవాళ్లు పెట్టె అడుగున దాచుకోకుండా సిస్టర్‌కీ పి.ఇ.టి. సారుకీ చూపించండి. మిగతావాళ్లు ఎవరినీ ఎగతాళి చేయకండి. కార్డు ఉందని జట్టులోంచి తీసేయడం కూడా తప్పే, అమెరికాలో అలా తీసేయరు.

వార్డెన్ గారికి ఒక మనవి. వడదెబ్బకి ట్రైనర్ల సూత్రం “ముందు చల్లబరచు, తర్వాత తరలించు”. 2001 ఆగస్టు 1న కోరీ స్ట్రింగర్ అనే పేరున్న ఆటగాడు వడదెబ్బతో పోయాక ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఎండలో ఆడి ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడేవాణ్ణి తల పైకి పట్టుకుని చల్లని నీళ్ల తొట్టిలో మెడ దాకా ఉంచుతారు. ఒంటి వేడి 102 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగాకే ఆస్పత్రికి పంపుతారు. మనకు అలాంటి తొట్టి లేకపోయినా డ్రమ్ములో నీళ్లు, బకెట్లు, తడి దుప్పట్లు గ్రౌండు పక్కన ఉండొచ్చు. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేస్తూ ఉండాలి.

ఇలాంటి ఉద్యోగం మనకూ వస్తుందా అని పదో తరగతి వాళ్లు అడుగుతారు. మన దేశంలో జట్ల వెంట ఎక్కువగా ఫిజియోథెరపిస్టులు ఉంటారు. ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరొచ్చు, తర్వాత స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో పి.జి. చేయొచ్చు.