ఒక్క గీతే వచ్చిందని ధీమా వద్దు
పొద్దున గొంతు నొప్పి మొదలైంది. మధ్యాహ్నం కొవిడ్ కిట్ తెప్పించి చూసుకుంటే ‘సి’ దగ్గర ఒక్క గీతే కనిపించింది. హమ్మయ్య అనుకుని రాత్రి అమ్మమ్మ పక్కనే కూర్చుని భోంచేశారు. తొందరపాటు ఇక్కడే!

తొలిరోజు ముక్కులో వైరస్ తక్కువగా ఉంటే ర్యాపిడ్ కిట్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. అందుకే నెగెటివ్ వచ్చినా 48 గంటలయ్యాక మళ్లీ చూసుకోవాలి. లేదంటే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలి. వైరస్ కొద్దిగా ఉన్నా అది పసిగడుతుంది. ఈలోపు పెద్దవాళ్లకు దూరంగా, మాస్కుతో ఉండండి.

కొవిడ్ ఉన్నవారిని కలిసినా మీకు లక్షణాలేమీ లేకపోతే మర్నాడే పరీక్షకు పరిగెత్తక్కర్లేదు. ఐదు రోజులు ఆగితే ఫలితం నమ్మకంగా ఉంటుంది.

‘సి’తో పాటు ‘టి’ దగ్గరా గీత వస్తే, అది ఎంత మసగ్గా ఉన్నా పాజిటివే. కిట్‌పై రాసిన సమయంలోపే చూడాలి సుమా! గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే గీత లెక్కలోకి రాదు. ఆయాసంగా ఉంటే మాత్రం ఏ గీత కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.