బెల్లం కొనవచ్చిన వర్తకుడు అనకాపల్లిలో రెండు రోజులు ఆగితే నష్టం లేదు

సరుకు రంగు యార్డులో తెలుస్తుంది. రుచి, వాడకం చుట్టుపక్కల ఊళ్ళలో తెలుస్తాయి

అనకాపల్లి: బెల్లం సీజనులో ఇక్కడకు వచ్చే పై ఊరి వర్తకులలో ఎక్కువమంది వేలం ముగిసి, కాటా పూర్తయి, లారీకి సరుకెత్తగానే సాయంత్రం రైలుకు తిరుగుముఖం పడుతుంటారు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరుపొందిన ఈ పట్టణంలో వారు చూసేది యార్డు, కమీషన్ దుకాణం, స్టేషను మాత్రమే. కొన్న బెల్లం ఎలా తయారయింది, వంటింట్లో ఏమవుతుంది, ఏ పండుగకు ఎందుకు గిరాకీ వస్తుంది అన్న సంగతులు చూడాలంటే మరో రెండు రోజులు కావాలి. రాబడులు మునుపటంత లేని ఈ కాలంలో ఆ రెండు రోజులు విహారానికే కాక వ్యాపారానికీ పనికివస్తాయి.

విశాఖపట్నానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, శారదా నది ఒడ్డున, హౌరా - చెన్నై రైలు మార్గం మీద ఉన్న అనకాపల్లి 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రత్యేక జిల్లాకు కేంద్రం. చెరకు పరిశోధనకు పేరున్న ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913లో ఏర్పడింది. ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలకు ఇక్కడి నుంచి బెల్లం ఎగుమతి కావడం పాతకాలం నుంచీ ఉన్నదే.

యార్డులో ఉదయం

మొదట చూడవలసింది వేలమే. రైతులు తెచ్చిన దిమ్మలను రంగును, గట్టిదనాన్ని బట్టి మొదటి రకం, రెండవ రకం, మూడవ రకంగా విడదీస్తారు. పసుపు పచ్చగా మెరిసే సరుకుకు పాట పైకి పోతుంది. నలుపు తిరిగిన సరుకుకు కొనేవారు వెనుకాడతారు. నల్ల బెల్లం నాటుసారాకు మళ్ళుతుందన్న కారణంగా దానిపై అధికారుల నిఘా కూడా ఉంటుంది. కొలగార్లు, కళాసీలు, గుమాస్తాలు, బళ్ళవాళ్ళు అందరూ ఒకరి పని మీద ఒకరు ఆధారపడి బతికే చోటు ఇది. ఒక్క రోజు రాబడి పడిపోతే ముందుగా తెలిసేది కళాసీ ఇంటికే.

రంగును బట్టి ధర కట్టే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. రంగు కోసం కొందరు తయారీలో హైడ్రోస్ కలుపుతారు. అలాంటి బెల్లం యార్డులో బంగారంలా కనిపించినా నిలవ ఉంచితే రంగు మారుతుంది. బెల్లంలో సల్ఫర్ డై ఆక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు మించరాదని ఆహార ప్రమాణాలు చెబుతున్నవి. ఏది సహజమైన రంగు, ఏది తెచ్చిపెట్టిన రంగు అన్నది కంటికి వెంటనే తెలియదు. తెలుసుకోవాలంటే యార్డు గేటు దాటాలి.

గానుగ దగ్గర

పట్టణం నుంచి ఏ దిక్కుకు కొంతదూరం వెళ్ళినా సీజనులో పొలాల మధ్య పొగ కనిపిస్తుంది. అదే బెల్లం వండే చోటు. చెరకు ఆడించిన రసం వెడల్పాటి పెనంలో పడుతుంది. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. రసం కాగుతుంటే సున్నం వేసి, మడ్డి పైకి తేలగానే జల్లితో తీసేస్తారు. మడ్డి బాగా విడవడానికి బెండ జిగురు వాడే పద్ధతి కూడా పాతదే. పాకం చిక్కబడి, బుడగలు మారి, గరిటెకు అంటుకునే తీరు చూసి వంటవాడు దించుతాడు. ఇంచుమించు 100 కిలోల చెరకుకు 10 కిలోల బెల్లం దిగుతుంది. దించడం కొద్ది నిమిషాలు ఆలస్యమైతే మాడు వాసన. తొందరపడితే దిమ్మ గట్టిపడక వానాకాలంలో నీరు కారుతుంది.

ఇక్కడ అడిగితే ఒక గ్లాసు చెరకు రసం, ఆకులో కాస్త వేడి బెల్లం పెడతారు. నోట్లో వేసుకున్న ఆ వేడి బెల్లంలో చెరకు వాసన ఉంటే మడ్డి బాగా తీసిన సరుకు. ఉప్పదనం తగిలితే చెరకు పండిన నేలనో, నీటినో అనుమానించాలి. కొనేవాడికి ఇంతకంటె మంచి నమూనా పరీక్ష లేదు.

వంటింటి పరీక్ష

తెలుగు ఇళ్ళలో బెల్లానికి అసలు పరీక్ష పాకం. అరిసెలకు పాకం పట్టేటప్పుడు ఒక చుక్క చన్నీళ్ళలో వేసి చూస్తారు. వేలితో దగ్గరకు తీస్తే ఉండ కట్టాలి. కట్టకపోతే పిండి కలిపినా అరిసె నూనెలో విడిపోతుంది. పాకుండలు, బెల్లం గవ్వలు, నువ్వుండలు, వేరుశనగ ఉండలు అన్నీ ఈ పాకం మీద ఆధారపడినవే. సంక్రాంతికి ముందు మిఠాయి చేసే ఇళ్ళవారు దుకాణంలో రంగును అడగరు, పాకం ఎలా వస్తుందని అడుగుతారు. ఒకసారి పాకం చెడితే ఆ దుకాణం గడప మళ్ళీ తొక్కరు. యార్డులో రంగుకు పలికే ధరకూ, వంటింట్లో పాకానికి ఉన్న విలువకూ మధ్య దూరం ఇదే.

టీ దుకాణాలలోనూ ఇప్పుడు బెల్లం టీకి గిరాకీ ఉన్నది. పాలతో కలిపి బెల్లాన్ని మరిగిస్తే పాలు విరిగే ప్రమాదం ఉంటుంది గనుక పొయ్యి మీద నుంచి దించిన తరువాతే బెల్లం వేస్తారు. ఎండాకాలంలో పల్లెల వైపు వెళ్ళేవారికి చోడి అంబలి దొరుకుతుంది. మిగతా చోట్ల రాగులనే వాటిని ఇక్కడ చోళ్ళంటారు. మజ్జిగ, ఉల్లిపాయతో తాగితే మధ్యాహ్నం వరకు ఆకలి వేయదు. చేపల కూర కావాలనుకునేవారికి అచ్యుతాపురం మీదుగా పూడిమడక రేవు ఉన్నది. పడవలు ఒడ్డుకు చేరిన వేళకు వెళితే అక్కడ జరిగే చేపల పాట బెల్లం వేలానికి ఏమీ తీసిపోదు.

కొండ మీద పాత నాణేలు

పట్టణానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం వద్ద బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నవి. సంఘారామం అన్న మాటే శంకరం అయిందని చెబుతారు. కొండను తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు, ఒకే రాతిలో మలిచిన స్తూపాలు మెట్లెక్కిన వారికి వరుసగా కనిపిస్తాయి. గత శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలలో సముద్రగుప్తుని బంగారు నాణెం, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు బయటపడ్డవి. ఎక్కడో గంగా తీరాన ముద్రించిన బంగారం ఈ కొండకు చేరిందంటే ఈ దారిన రాకపోకలు ఏనాటివో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

కనుమనాడు చుట్టుపక్కల పల్లెల వారు ఈ కొండకు తరలివస్తారు. ఆ రోజు ఇక్కడి ఒక శిలపై రాళ్ళు రువ్వే ఆచారం ఒకప్పుడు ఉండేది. చారిత్రక సంపద పాడవుతుందని వారసత్వ పరిరక్షణకు పాటుపడేవారు దానిని మాన్పించడానికి కృషి చేశారు. ఉదయం ఎండ ముదరకముందే కొండ ఎక్కి దిగితే వేలం సమయానికి యార్డుకు చేరవచ్చు.

ఆవలో దోనె, ఏటి ఒడ్డున లక్క

రెండవ రోజుకు రెండు చోట్లున్నవి. మొదటిది కొండకర్ల ఆవ. ఈ మంచినీటి సరస్సులో శీతాకాలంలో వలస పక్షులు దిగుతాయి. తాటి మొద్దులను తొలిచి, రెంటిని జతకట్టిన దోనెలో కూర్చుని తామరాకుల మధ్య తిరిగి రావచ్చు. తెల్లవారుజామున వెళ్ళినవారికే పక్షులు బాగా కనిపిస్తాయి.

రెండవది వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. ఇక్కడ అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, లక్కలో గింజలు, బెరడు, వేళ్ళ నుంచి తీసిన రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. చౌక రసాయన రంగులు మార్కెట్టును ముంచెత్తిన తరువాత కూడా పాత రంగుకు తిరిగి వెళ్ళి, అదే పేరుతో ఎక్కువ ధర రాబట్టిన ఊరు ఇది. రంగుతో సతమతమయ్యే బెల్లం వ్యాపారం ఇక్కడ నేర్చుకోవలసింది ఉన్నది.

ఈ ఊరికి చెరకుతోనూ సంబంధం ఉన్నది. 1933లో ఇక్కడ నెలకొన్న సహకార చక్కెర కర్మాగారం దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి. ఈ జిల్లాలోని ఎస్. రాయవరంలోనే 1862లో గురజాడ అప్పారావు జన్మించారు.

మాడుగుల హల్వా, మన్యం కాఫీ

సమయం ఉన్నవారు చోడవరం మీదుగా మాడుగుల దారి పట్టవచ్చు. మాడుగుల హల్వాకు గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీస్తారు. ఆ పాలను నిలవ ఉంచి, తీపి పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి కలుపుతారు. వంద సంవత్సరాలకు పైబడిన ఈ మిఠాయికి ప్రచారం కన్న నోటి మాటే ఎక్కువ బేరం తెచ్చింది. చాలా రోజులు నిలవ ఉంటుంది గనుక పొరుగూళ్ళకు పట్టుకుపోవడానికి అనువైనది.

మాడుగుల దాటితే పాడేరు ఘాటు. పైకి వెళ్ళేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజనులు పండించిన కాఫీ, పసుపు, మిరియాలు వారపు సంతలకు దిగుతాయి. గిరిజన సహకార సంస్థ కూడా కొనుగోలు చేస్తుంది. ముందుగా పసుపు వాసన చూసి, తరువాత కాఫీ తాగి, బొంగులో కాల్చిన కోడి తిని, థింసా నృత్యం చూసి, అరకు నుంచి బొర్రా గుహల మీదుగా విశాఖపట్నం చేరవచ్చు. ఈ కొండ మిరియమూ, కింది బెల్లమూ శ్రీరామనవమి పానకంలో కలుస్తాయి. ఆ ఒక్క రోజు గిరాకీ రెండు సరుకులకూ ఉంటుంది.

ఏ వేళకు రావాలి

సంక్రాంతికి కొత్త బెల్లం, ఆ వెంటనే గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలు. అనకాపల్లిలోనూ చుట్టుపక్కలా వేదికలు కట్టి రాత్రంతా ఆటపాటలు జరుపుతారు. తప్పెటగుళ్ళు, కోలాటం చూడదలచినవారు ఆ రోజులలో రావడం మంచిది. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య. ఆనాడు గవరపాలెంలోని నూకాంబిక అమ్మవారి జాతర మొదలై నెల రోజులు సాగుతుంది. మరునాడు ఉగాది పచ్చడికి కొత్త బెల్లం ప్రతి ఇంటికీ కావాలి. జాతర జనం, పండుగ బేరం ఒకేసారి తగిలే ఈ వారంలో బస దొరకడం కష్టం. విశాఖలో దిగి రావడం తేలిక.

ముందుచూపు

చెరకు కోతకు కూలీలు దొరకక, ఖర్చు పెరిగి, రైతులు సరుగుడు వంటి వాటికి మళ్ళుతున్నారు. తుమ్మపాల చక్కెర కర్మాగారం మూతపడింది. కొన్ని దశాబ్దాల క్రితంతో పోల్చితే యార్డుకు దిమ్మల రాబడి బాగా తగ్గింది. సరుకు తగ్గినప్పుడు ధర పెరగాలన్నది మామూలు లెక్క. కాని పేరు లేని సరుకుకు ఆ లెక్క పూర్తిగా వర్తించదు. పై రాష్ట్రం బెల్లం రెండు రూపాయలు తక్కువకు వస్తే కొనుగోలుదారు అటే పోతాడు.

మాడుగుల హల్వాకు, ఏటికొప్పాక బొమ్మకు, అరకు కాఫీకి ఊరి పేరే పెట్టుబడి. కొనేవాడు ఊరి పేరు చెప్పి అడుగుతాడు, పైసలకు బేరమాడడు. అనకాపల్లి బెల్లానికి పేరు ముందే ఉన్నది; దిమ్మ మీద అది నిలవడం లేదు. రసాయనం లేకుండా వండిన బెల్లాన్ని విడిగా తూచి, కిలో, అరకిలో అచ్చులుగా పోయించి, ఏ ఊరి గానుగదో చెప్పి అమ్మేవారికి మిఠాయి ఇళ్ళ నుంచి, టీ దుకాణాల నుంచి, యాత్రికుల నుంచి నిలకడైన గిరాకీ ఉండగలదు. అలాంటి సరుకుకు రంగు కాస్త తగ్గినా మంచి ధర ఇచ్చే వర్తకుడు ఉంటేనే రైతు చెరకు నాటుతాడు.

సీజనులో రాదలచినవారు వేలానికి ఒక రోజు ముందుగా వచ్చి గానుగ చూసుకోవడం, తిరిగి వెళ్ళేటప్పుడు ఒక దిమ్మ ఇంటికి పట్టుకుపోయి పాకం పట్టించి చూడడం మేలు. తడి తగలని డబ్బాలో ఉంచి వానాకాలం తరువాత విప్పి చూస్తే ఆ దిమ్మ ఇచ్చిన గానుగ నుంచి వచ్చే ఏడాది కొనవచ్చునా లేదా అన్నది తేలిపోతుంది.