భూమి ఎలా మారిందో సరే, ఎవరి చేతుల్లో మారింది?

మన దేశంలో భూవినియోగాన్ని ఏటా తొమ్మిది పద్దుల కింద లెక్కిస్తారు. అడవి, వ్యవసాయేతర వినియోగం, మేత భూములు, సాగుకు పనికొచ్చే బంజరు, బీడు, నికర సాగు వగైరా. 1950-51లో నికర సాగు విస్తీర్ణం సుమారు 11.9 కోట్ల హెక్టార్లు. ఇప్పుడది 14 కోట్లకు కాస్త అటూ ఇటూ. సాగుకు పనికొచ్చే బంజరు దాదాపు 2.3 కోట్ల హెక్టార్ల నుంచి సగానికి పడిపోయింది. ఇళ్లు, రోడ్లు, పరిశ్రమలు, ప్రాజెక్టుల కిందకు పోయిన భూమి 94 లక్షల హెక్టార్ల నుంచి 2.6 కోట్లు దాటింది.

ఈ పట్టికలో ఏ గడిలోనూ కులం లేదు. కానీ దళితులకు భూమి పంచినప్పుడు ఇచ్చింది ఎక్కువగా ఆ బంజరు పద్దులోదే. తెలంగాణలో లావణి పట్టా, రాయలసీమలో డీకేటీ పట్టా అని పిలిచే అసైన్డ్ భూములవి. రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి, రెండు మూడు తరాలు చాకిరీ చేస్తేనే అవి సాగు పద్దులోకి వచ్చాయి. ఆ తర్వాత కంపెనీకో ప్రాజెక్టుకో భూమి కావాలంటే అధికారుల చూపు ముందు పడేదీ వాటి మీదే. ప్రజాప్రయోజనం పేరుతో వెనక్కి తీసుకోవచ్చనే షరతు పట్టాలోనే ఉంటుంది కాబట్టి. అలా తీసుకున్నా పట్టా భూములతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది.

దక్షిణాఫ్రికాలో ఈ గీత చట్టంలోనే ఉండేది. 1913 నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ నల్లజాతి మెజారిటీకి దేశ భూమిలో 7 శాతం మాత్రమే కేటాయించింది. 1936 చట్టం దాన్ని 13 శాతం దాకా పెంచింది. ఆ ఇరుకు రిజర్వుల్లో నేల సారం పోతుంటే తప్పంతా అక్కడి ప్రజలదేనంది ప్రభుత్వం. 1939 నుంచి ‘బెటర్‌మెంట్’ పేరుతో ఇళ్లకో చోటు, పంటకో చోటు, మేతకో చోటు అని ఊళ్లను విడగొట్టి, పశువులను తగ్గించింది. రిజర్వుల బయట విస్తారమైన భూమి శ్వేతజాతి రైతుల వాణిజ్య పంటలకు, గొర్రెల మేతకు, వన్యప్రాణి పార్కులకు మిగిలింది.

1994లో అక్కడ తెచ్చిన చట్టం ఒక మౌలిక సూత్రం ఒప్పుకుంది. 1913 జూన్ 19 తర్వాత జాతి వివక్ష వల్ల భూమి పోగొట్టుకున్నవారికి దాన్ని తిరిగి అడిగే హక్కు ఉంది. క్రూగర్ నేషనల్ పార్కు ఉత్తర కొసన ఉన్న మకులేకే ప్రజలను 1969లో వెళ్లగొట్టారు. 1998లో వారికి భూమి హక్కు తిరిగొచ్చింది. వారు దాన్ని అడవిగానే ఉంచి పర్యాటకం మీద ఆదాయం పొందడానికి ఒప్పుకున్నారు. భూవినియోగం మారలేదు, యజమాని మారాడు.

అయితే అక్కడా కథ సుఖాంతం కాలేదు. శ్వేతజాతీయుల సాగుభూమిలో 30 శాతం ఐదేళ్లలో పంచుతామన్న లక్ష్యం నెరవేరలేదు. వ్యక్తుల పేరిట ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం శ్వేతజాతీయులదేనని 2017 ప్రభుత్వ ఆడిట్ తేల్చింది. చాలామందికి భూమి బదులు నగదే దక్కింది.

తేడా ఎక్కడుంది? అక్కడ భూమిని పోగొట్టుకున్న హక్కుగా అడుగుతున్నారు. ఇక్కడ దాన్ని సర్కారు దయగా ఇచ్చారు, దయగా ఇచ్చింది లాక్కోవడం తేలిక. జనాభాలో 16.6 శాతం ఉన్న దళితుల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపేనని 2015-16 వ్యవసాయ గణన చెబుతోంది. అందులోనూ అమ్మకం, తాకట్టు, రుణం దగ్గర అడ్డంకులున్న భూమి ఎంతో విడిగా చూడాలి.

కాబట్టి మన ఊరి భూమి మీద పని చేసేవాళ్లు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి పాత పహాణీ లేదా అడంగల్, రెండోది ఇప్పటి రికార్డు. బంజరు ఎప్పుడు సాగైంది, ఎవరు చేశారు, సాగు ఎప్పుడు వ్యవసాయేతరమైంది, ఎవరి సంతకంతో, పరిహారం ఎవరికి అందింది? సర్వే నంబరు వారీగా సమాచార హక్కు కింద అడగండి. ప్రభుత్వ పట్టికలో లేని పదో పద్దు అదే. దాన్ని మనమే రాయాలి.