సెలవు లేని శౌర్యం

రణరంగంలో సైనికుని వెనుక దళం ఉంటుంది, అధికారి ఆజ్ఞ ఉంటుంది. విధులలో లేని వేళ అపరిచితుల ప్రాణమానాలు కాపాడవలసి వస్తే ఆ రెండూ ఉండవు. నిర్ణయం అతని ఒక్కనిదే.

2010 సెప్టెంబరు 2న మౌర్య ఎక్స్‌ప్రెస్‌లో గూర్ఖా సైనికుడు విష్ణు శ్రేష్ఠకు ఎదురైన పరీక్ష ఇటువంటిదే. ఆయన స్వదేశమైన నేపాల్‌కు ప్రయాణిస్తున్నారు. దారిలో బందిపోట్ల ముఠా ఒకటి రైలులో చొరబడి ప్రయాణికులను దోచుకోసాగింది. వారు ఒక యువతిపై అత్యాచారానికి ఒడిగట్టబోగా, ఆయన కుక్రీ దూసి ఒంటరిగా ఎదిరించారు. చేతికి తీవ్రగాయమైనా వెనుదీయలేదు. ముఠా పలాయనం చిత్తగించింది. యువతి సురక్షితంగా బయటపడింది.

ప్రాణరక్షణకై చూపే సాహసాన్ని గౌరవించడానికి భారత ప్రభుత్వం 1961లో జీవన్ రక్షా పతకాలను నెలకొల్పింది. నీటి నుండి, నిప్పు నుండి, ప్రమాదాల నుండి తోటివారిని కాపాడినవారు, స్త్రీలైనా పురుషులైనా, వీటికి అర్హులు. సైనికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది మాత్రం విధులలో లేనప్పుడు చేసిన సాహసానికే వీటిని పొందగలరు. విధి నిర్వహణలో ప్రాణరక్షణ వారి ధర్మమే కదా!

శ్రేష్ఠకు సేనా పతకంతోపాటు ఉత్తమ జీవన్ రక్షా పతకం లభించింది. ఆపదలో ఉన్నవారిని ఆదుకొనడానికి బంధుత్వం గాని, సరిహద్దు గాని అడ్డు కాదని ఆయన సాహసం చాటుతున్నది.