జవానుకు అండగా అంటే స్టేటస్ ఒక్కటేనా?

సరిహద్దులో తుపాకీ పేలిందంటే చాలు... ప్రొఫైల్ ఫొటోలు మారిపోతాయి, స్టేటస్‌లు జెండాలతో నిండిపోతాయి. మంచిదే. కానీ అక్కడ కాపలా కాస్తున్నవాళ్లకు దీనివల్ల ఒరిగేదెంత? ఉద్యోగ వేటలో ఉన్న మీలాంటి కుర్రాళ్లు, అమ్మాయిలు వాళ్ల కోసం ఏం చేయొచ్చు? ఏం చేయకూడదు? అందులో మీకు కెరియర్ కూడా ఉందా?

ముందు నేను చేసిన తప్పుతో మొదలుపెడతా.

2025 మే 8. ఆపరేషన్ సిందూర్ మొదలైన రెండో రోజు. రాత్రి పదకొండు దాటింది. విజయవాడలో నా గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఏదో గ్రూపులో ఓ వీడియో వచ్చింది. ట్యాంకులు ఎక్కించిన గూడ్సు రైలు ఓ స్టేషన్ దాటి వెళ్తోంది. ఒళ్లు పులకరించింది. ‘జై హింద్’ అని రాసి పోస్ట్ చేసేశా. టెక్నాలజీ మీద బ్లాగు రాస్తా కాబట్టి నన్ను ఫాలో అయ్యేవాళ్లు కొన్ని వేల మంది ఉన్నారు. లైకులు చూసుకుంటూ నిద్రపోయా.

పొద్దున్నే ఆరింటికి ఫోన్. ఇంజినీరింగ్‌లో నా హాస్టల్ రూమ్మేట్. వాళ్ల అన్నయ్య జమ్మూ వైపు డ్యూటీలో ఉన్న జవాను.

‘ముందు ఆ వీడియో తీసెయ్‌రా. వెనక స్టేషన్ బోర్డు కనిపిస్తోంది చూడు’ అన్నాడు.

చూశా. నిజమే, పేరు స్పష్టంగా ఉంది. తీసేశా. కానీ అప్పటికే చాలామంది దాన్ని షేర్ చేసేశారు. నేను తీసేసినా అది ఆగదు.

‘పోనీ, నన్నేం చేయమంటావ్?’ అన్నా, కాస్త ఉక్రోషంగానే.

‘ఏదైనా చేయాలనుంటే మా ఇంటికెళ్లు. చెల్లికి ఈఏపీసెట్ ఉంది. అన్నయ్య సెలవు మీద వచ్చి తీసుకెళ్తానన్నాడు, ఇక రాడు. నాకు పుణెలో సెలవు దొరకట్లేదు. నాన్న మోకాళ్లనొప్పులతో బస్సెక్కలేడు.’

ఇంతేనా అనిపించింది. ‘సైన్యానికి మద్దతు’ అంటే నేను ఊహించుకున్నది ఇది కాదు. ఆ తర్వాత నెల రోజుల్లో తెలిసిందేంటంటే, అసలు మద్దతు చాలావరకు ఇలాగే ఉంటుంది.

అడ్రస్‌లోనే దాచేస్తారు

సైనికుడికి ఉత్తరం రాసేటప్పుడు అడ్రస్ ఎలా రాస్తారో గమనించారా? పేరు, నంబరు, యూనిట్ పేరు, చివర ‘56 ఏపీఓ’ లేదా ‘99 ఏపీఓ’. ఊరి పేరుండదు, జిల్లా ఉండదు. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఆ యూనిట్ ఎక్కడుందో చూసుకుని ఉత్తరం చేర్చేది సైన్యం తపాలా విభాగమే. కన్నతల్లికి కూడా చెప్పకుండా దాచే చోటు అది. దాన్నే మనం బోర్డుతో సహా స్టేటస్‌లో పెట్టేస్తున్నాం.

సైనిక చర్యలను, బలగాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ మీడియా సంస్థలకు సూచించింది. సోషల్ మీడియా వాడేవాళ్లను కూడా జాగ్రత్తగా ఉండమంది. ఈ జాగ్రత్త వెనక చేదు అనుభవం ఉంది. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి జరిగినప్పుడు, సరిహద్దు అవతల కూర్చున్నవాళ్లు మన టీవీ ఛానళ్లు చూస్తూ ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు.

టెక్నాలజీ తెలిసినవాడిగా ఒక మాట. ఫొటోలో లొకేషన్ ఆఫ్ చేస్తే సరిపోదు. కొండల వరస, కరెంటు స్తంభం, దుకాణం బోర్డు, నీడ పడిన తీరు... వీటితోనే చోటు పట్టేసేవాళ్లున్నారు. కాబట్టి సైనిక వాహనాలు, రైళ్లు, విమానాలు కనిపిస్తే చూసి దణ్ణం పెట్టుకోండి. వీడియో మాత్రం తీయొద్దు.

ఇంకో సంగతి. ఆ నాలుగు రోజుల్లో ‘ఆర్మా 3’ అనే వీడియో గేమ్‌లోని దృశ్యాలు అసలు యుద్ధం అన్నట్టు తిరిగాయి. అవి అబద్ధమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పాల్సి వచ్చింది. ‘నిజమో కాదో తెలీదు, ఫార్వర్డ్ చేస్తున్నా’ అనే మెసేజ్ జవాను ఇంట్లో ఎలా ఉంటుందో నా మిత్రుడి వాళ్ల అమ్మగారు చెప్పారు: ‘వాడున్న చోటే బాంబులు పడుతున్నాయంటారు బాబూ టీవీలో. ఫోన్ ఎత్తితే ఎవరో ఒకరు అదే అడుగుతారు. నేనేం చెప్పను?’ ఆవిడ టీవీ కట్టేసి నాలుగు రోజులైంది.

ముందు ఒకరు, వెనక ఎందరో

1999 కార్గిల్ యుద్ధం అనగానే టైగర్ హిల్ గుర్తొస్తుంది. అసలా శిఖరాలు ఎందుకంత ముఖ్యమయ్యాయి? శ్రీనగర్ - లేహ్ రహదారి వాటి కిందుగానే పోతుంది. లద్దాఖ్‌కు తిండి, ఇంధనం, మందుగుండు వెళ్లే దారి అది. పైన శత్రువు కూర్చుంటే కింద లారీ కదలదు. చాలా ఎత్తుండే ఆ కొండల మీద పోరాడేవాళ్లకు నీళ్లు, తూటాలు, రొట్టెలు మోసుకెళ్లినవాళ్లలో స్థానిక కూలీలు కూడా ఉన్నారు.

2020 జూన్ 15న గల్వాన్ ఘర్షణలో 20 మంది సైనికులు అమరులయ్యారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆ ఏడాది తూర్పు లద్దాఖ్‌లో అదనపు బలగాలు చలికాలమంతా ఉండాల్సి వచ్చింది. మంచు పడితే కనుమలు మూసుకుపోతాయి. అందుకే రేషన్, కిరోసిన్, చలి దుస్తులు, గుడారాలు, మందులు ముందే చేరవేసి నిల్వ చేయాలి. లెక్క తప్పితే నడిమధ్యలో తెచ్చుకోవడానికి కిరాణా కొట్టు ఉండదు. రోహ్తంగ్ కనుమ కింద తవ్విన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం అదే ఏడాది అక్టోబరు 3న ప్రారంభమైంది. ఓ సివిల్ ఇంజినీర్ పని జవానుకు ఎలా అండ అవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సియాచిన్‌లో శత్రువు తూటాల కన్నా చలి, మంచుచరియలు, ఎత్తు తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. అక్కడ మంచి బూటు, పనిచేసే స్టవ్, టైముకు వచ్చే హెలికాప్టర్ కూడా ఆయుధాలే.

మన ఊళ్ల నుంచే

ఇదంతా ఎక్కడో ఉత్తరాన జరిగే వ్యవహారం అనుకోకండి. ఆపరేషన్ సిందూర్‌లో వాడిన ఆకాశ్ క్షిపణులు తయారయ్యేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్‌లో. డీఆర్‌డీవోకు చెందిన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ వంటి ల్యాబ్‌లు, ప్రత్యేక లోహాలు చేసే మిధాని కూడా అక్కడే. చీకట్లో చూసే పరికరాలు మచిలీపట్నం భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారవుతాయి. పదాతి దళాలను మోసే బీఎంపీ వాహనాలు మెదక్ ఆయుధ కర్మాగారంవి. సైన్యం వాహనాలు, ఆయుధాల మరమ్మతు నేర్పే ఈఎంఈ కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది. ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ శిక్షణ కేంద్రమూ అక్కడే.

మీ డిగ్రీకి దారి ఏది?

నేనూ బీటెక్ అవగానే ఎస్‌ఎస్‌బీకి వెళ్లి మొదటిరోజే స్క్రీనౌట్ అయి తిరిగొచ్చినవాణ్ని. అప్పుడు ‘ఇక అయిపోయింది’ అనుకున్నా. మిగతా దారులు తెలియకపోవడమే నా తప్పు. మీరు ఇవి రాసి పెట్టుకోండి.

* బీటెక్ చివరి ఏడాది, పూర్తి చేసినవాళ్లు: ఆర్మీలో షార్ట్ సర్వీస్ కమిషన్ (టెక్నికల్). రాతపరీక్ష లేదు. మార్కులతో షార్ట్‌లిస్ట్ చేసి, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్షలతో ఎంపిక చేస్తారు. వయసు 20 - 27. అమ్మాయిలు కూడా అర్హులే. సిగ్నల్స్, ఇంజినీర్స్, ఈఎంఈ లాంటి విభాగాల్లో పని.

* ఏ డిగ్రీ అయినా: యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే సీడీఎస్. రవాణా, రేషన్, ఇంధనం చూసే ఆర్మీ సర్వీస్ కోర్‌లోకి ఈ దారిలోనూ వెళ్లొచ్చు.

* గేట్ స్కోరు ఉన్నవాళ్లు: డీఆర్‌డీవో సైంటిస్ట్-బి పోస్టులు. గేట్ మార్కులు, ఇంటర్వ్యూ ఆధారంగా ఎంపిక.

* సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా లేదా బీటెక్: ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజినీర్ పరీక్ష. సైన్యానికి ఇళ్లు, కరెంటు, నీళ్లు చూసే మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్, సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓ పోస్టులు దీని ద్వారానే భర్తీ అవుతాయి.

* ఐటీఐ, ఇంటర్: బీఆర్‌ఓ, ఆర్డ్‌నెన్స్ కోర్ సివిలియన్ పోస్టులు, రక్షణ సంస్థల్లో అప్రెంటిస్‌షిప్‌లు.

* బీఎస్సీ నర్సింగ్ చేసిన అమ్మాయిలు: మిలిటరీ నర్సింగ్ సర్వీస్.

* ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న డిగ్రీవాళ్లు: టెరిటోరియల్ ఆర్మీ. వయసు 18 - 42. మామూలు రోజుల్లో మీ పని మీదే. అవసరమైతే పిలుస్తారు.

* స్టార్టప్ ఆలోచన ఉన్నవాళ్లు: 2018లో మొదలైన ఐడెక్స్ పథకం. రక్షణ దళాలు ఇచ్చే సమస్యకు నమూనా చేసి చూపేందుకు రూ.1.5 కోట్ల వరకు గ్రాంటు ఇస్తారు.

అగ్నివీర్ గురించి అడుగుతారని తెలుసు. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తారు. ఇది తెలుసుకుని, ఆ తర్వాతి ప్లాన్ కూడా వేసుకుని వెళ్లండి. యుద్ధం వార్తలు చూసిన ఆవేశంలో మాత్రం దరఖాస్తు చేయకండి. వార్తలు వారంలో చల్లబడతాయి, సర్వీసు ఏళ్ల తరబడి ఉంటుంది. వయసు, అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ అధికారిక వెబ్‌సైట్ చూడండి.

ఈ ఉద్యోగాలు రాకపోతే?

అందరికీ ఈ ఉద్యోగాలు రావు. అయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి.

డబ్బు ఇవ్వాలనుకుంటే దారి చూసుకుని ఇవ్వండి. 2025 ఏప్రిల్‌లో ‘ఆర్మీ ఆధునికీకరణకు ఈ బ్యాంకు ఖాతాలో వేయండి’ అని ఓ వాట్సాప్ మెసేజ్ తిరిగింది. అది తప్పుదారి పట్టించేదని రక్షణ శాఖ ప్రకటించింది. అధికారికంగా ఉన్నవి: 1962లో ఏర్పాటైన జాతీయ రక్షణ నిధి, యుద్ధంలో మరణించిన, గాయపడినవాళ్ల కుటుంబాల కోసం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువాలిటీస్ వెల్ఫేర్ ఫండ్, కేంద్ర సాయుధ పోలీసు బలగాల అమరుల కుటుంబాల కోసం ‘భారత్ కే వీర్’. ఏటా డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు వచ్చే విరాళాలు మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి వెళ్తాయి.

పౌర రక్షణ శిక్షణ తీసుకోండి. 2025 మే 7న హైదరాబాద్, విశాఖపట్నంలోనూ మాక్ డ్రిల్ జరిగింది. ప్రథమ చికిత్స, మంటలార్పడం, జనాన్ని తరలించడం... వరదలొచ్చినా పనికొచ్చే విద్యలివి.

అన్నిటికన్నా దగ్గర దారి మీ వీధిలోని జవాను ఇల్లు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లలో దాదాపు ప్రతి ఇంటికీ సైన్యంతో బంధం ఉంది. ఊరే వాళ్లకు అండ. కానీ మిగతా చోట్ల జవాను ఇల్లు పదిళ్లలో ఒకటి. ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, పెన్షన్ కాగితం పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లడం... మీకు అరపూట పని. ఆ ఇంటికి మాత్రం వారం రోజుల బెంగ తీరుతుంది.

మరో మాట. జవానుకు అండగా ఉండటం, యుద్ధం కావాలని అరవడం ఒకటి కాదు. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలు వదిలిన అగ్నివీర్ మురళీ నాయక్‌ది శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా. ఫోన్లో ‘ఇంకా కొట్టండి’ అని టైప్ చేసేవాళ్లకు ఏమీ కాదు. వెళ్లేది ఎవరో తండా పిల్లాడే. ఇది గుర్తుంచుకుని మాట్లాడినా సగం మద్దతే.

పరీక్ష రోజు

మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి. కానీ అన్నయ్యకు సెలవు రాలేదు. పరీక్ష ముందురోజు రాత్రి వాళ్ల ఊరెళ్లా. అమ్మగారు కొత్తావకాయతో అన్నం పెట్టారు. తెల్లవారుజామున ఐదింటికి నేనూ ఆ అమ్మాయీ రాజమండ్రి బస్సెక్కాం. హాల్‌టికెట్, ఆధార్, పెన్ను అన్నీ మూడుసార్లు చూశా. తను నాకన్నా ధైర్యంగానే ఉంది. ‘అన్నయ్య ఉంటే బస్సులో కూడా ఫార్ములాలు అడిగేవాడు’ అంది. సరేనని నేనూ అడిగా. రెండు నాకే గుర్తులేవు.

సాయంత్రం ఇంట్లో ఉండగా ఫోన్ వచ్చింది. రెండు నిమిషాలు మాట్లాడారు. చివర్లో నాకిచ్చారు.

‘పరీక్ష బాగానే రాసిందటగా తమ్ముడూ’ అన్నాడాయన. ‘ఇక్కడ అదొక్కటే బుర్రలో తిరిగేది. ఇంట్లో ఏదీ ఆగలేదని తెలిస్తే చాలు, రాత్రి డ్యూటీ తేలిగ్గా గడిచిపోతుంది.’

ఆ వీడియో సంగతి చెప్పి క్షమాపణ అడగాలనుకున్నా. లైన్ కట్టయింది.

ఇప్పుడు నా బ్లాగులో అలాంటి వీడియోలు పెట్టను, ఎవరైనా పంపితే ఎందుకు తీసేయాలో చెప్తా. మీరూ ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ వీధిలో, మీ క్లాసులో సైన్యంలో ఉన్నవాళ్ల ఇల్లు ఏదైనా ఉందేమో కనుక్కోండి. వెళ్లి ‘ఏమైనా పనుందా అండీ?’ అని అడగండి. పై జాబితాలో మీకు సరిపోయే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కూడా ఆ రోజే చూసి పెట్టుకోండి.