నడువని యింజను

గత వేసవి సెలవుల పిదప వసతిగృహము తెఱచుటకు ముందటి సాయంకాలమున విద్యుత్తు పోయెను. తొట్టిలో నీరు లేదు; మఱునా డుదయమునకే బాలురు వచ్చెదరు. నూతికడనున్న చిన్న పెట్రోలు ఇంజనుతో నీరు తోడుదమని పోయి త్రాడు లాగితిమి. నడువలేదు. నలువది పర్యాయములు లాగి, భుజము నొప్పిపుట్టిన పిమ్మట గాని ఆలోచింపవలెనను బుద్ధి మాకు కలుగలేదు. ఉపాధ్యాయులమై యుండియు ముందు బలమును, పిదప బుద్ధిని వాడితిమని యొప్పుకొనుచు, ఆ రాత్రి తెలిసికొన్నదానిని వ్రాయుచున్నాము.

ఇట్టి యింజనునకు ముఖ్యముగా మూడు కావలెను: తగు పాళ్లలో గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి, దానిని గట్టిగా నొక్కు పిస్టను, సరియైన క్షణమున పుట్టు నిప్పురవ్వ. వీనిలో ఏది లోపించినదో కనుగొనుటయే పని. మొదట ట్యాంకులో పెట్రోలున్నదా, కొళాయి తెఱచియున్నదా, స్విచ్చి వేసియున్నదా చూడవలెను. కొన్ని యింజనులలో నూనె తగ్గినచో రవ్వ తనంతట నిలిచిపోవు నేర్పాటున్నది. కావున నూనెయు చూడవలెను.

పిమ్మట ప్లగ్గు నూడదీయవలెను. ఇది వైద్యుడు రోగి నాలుక చూచుటవంటిది. ప్లగ్గు తడిసియున్నచో పెట్రోలు వచ్చినది గాని మండలేదన్నమాట. చోకు చాలసేపు మూసియుంచుటచే నిట్లగుట కలదు. అప్పుడు స్విచ్చి నార్పి, చోకు తెఱచి, ప్లగ్గు లేకుండగనే త్రాడు నాలుగైదుసారులు లాగినచో అధికమైన పెట్రోలు వెలికిపోవును. ప్లగ్గునకు మసి పట్టినచో తుడిచి, దాని మొనల నడుమ సందు చూడవలెను. పెక్కు చిన్న యింజనులకు 0.7 మి.మీ. ప్రాంతమున నుండును. రవ్వ లేదని తోచినచో మొదట క్రొత్త ప్లగ్గు వేసి చూచుట చవుక. అప్పటికిని లేకున్న, స్విచ్చి తీగ ఇనుమునకు తగులుచున్నదేమో చూడవలెను.

మా ప్లగ్గు పొడిగా నుండెను. అనగా పెట్రోలే రాలేదు. ఇంతలో కావలివాడు వెలుతురుకై కిరసనాయిలు లాంతరు తెచ్చెను! దానిని దూరముగా పంపివేసి టార్చిలైటు తెప్పించితిమి. బాలురారా, పెట్రోలు కంటె దాని యావిరి ప్రమాదకరము. పెద్దలు లేనిదే ఈ పనికి పూనుకొనకుడు.

కార్బురేటరు అడుగు మరను విప్పి సీసాలోనికి పట్టితిమి. పసుపుపచ్చని ద్రవము, వార్నీషు వాసన. రెండు నెలలు నిలువయున్న పెట్రోలు చెడి, జిగురై, జెట్టు రంధ్రమును మూసివేసినది. నేటి పెట్రోలులో ఎథనాలు కలియుటచే అది తేమను గూడ పీల్చుకొనును. ఆ రంధ్రమును సన్నని రాగి తీగతో శుభ్రపఱచితిమి. ఉక్కుసూది వాడరాదు, రంధ్రము పెద్దదగును. పాత పెట్రోలును తీసివేసి క్రొత్తది పోసితిమి. రెండవసారి లాగగనే యింజను మ్రోగెను.

త్రాడు ఏ యెదురును లేక తేలికగా వచ్చినచో నొక్కుడు లేదన్నమాట. ప్లగ్గు వదులైనదేమో చూచి, కాకున్న మెకానిక్కును పిలుచుట మేలు. పెట్రోలుతో ఆరంభించి కిరసనాయిలుతో నడుపు ఇంజనులను ఆపుటకు ముందు కొన్ని నిమిషములు మరల పెట్రోలుపై నడుపవలెను. లేనిచో మఱునాడు మొరాయించును.

ఈ యేడు సెలవులకు ముందు కొళాయి కట్టి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయి యింజను తనంతట నాగువఱకు నడిపించితిమి.