పాతకారుతో సేతుయాత్ర

"గేదెను కొనేటప్పుడు పొదుగు చూడాలె గాని కొమ్ములకు రాసిన నూనె చూడొద్దు" అని మా యత్తగారు తఱచుగా చెప్పుచుందురు. నేరేడుచర్లలో మా యింటి కొక పాతకారు కొనదలచినపుడు ఈ మాటయే మాకు శాస్త్రమైనది.

కారు కోరుటకు విలాసము కారణము కాదు. మా యత్తగారు కాశికి పోయివచ్చి మూడేండ్లయినది. అచటినుండి తెచ్చిన గంగచెంబు లక్కవేసిన మూతతో నట్లే మా దేవతార్చనపు గూటిలో నుండెను. ఆ జలముతో రామేశ్వరమున రామనాథస్వామికి అభిషేకము జరిగినగాని కాశీయాత్ర పూర్తికాదని మన పెద్దల విశ్వాసము. ఆమెకు మోకాళ్లు వంగవు. రైళ్లు మాఱుట, స్టేషనులలో మెట్లెక్కుట యామెవలన గాదు. బాడుగకారున పోరాదా యని కొందఱనిరి. మావారు నిత్యము బడికి పోయిరావలసిన దారి యొకటి యుండగా, కొన్నబండి యాత్ర ముగిసినపిదపను పనికివచ్చునని మేము తలచితిమి. మా గాజులజత బ్యాంకులో కుదువబెట్టి, చేతనున్నది కొంత చేర్చి, రెండున్నరలక్షలకు మించరాదని గీత గీసికొంటిమి.

మొదట చూపిన కారు అద్దమువలె మెఱయుచుండెను. తలుపు తీయగానే మల్లెపూల యత్తరు గుప్పుమన్నది. ఆ పరిమళమే మాకు శంక పుట్టించినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలు దినములతరబడి నీటనుండుటయు, ఆ వానలకే మన కోదాడలోను బండ్లు వరదపాలగుటయు సోదరీమణులు మఱచియుండరు. వరదలో మునిగిన బండ్లు కడుగబడి, తుడువబడి, మరల విక్రయమునకు వచ్చుట కలదు. వానిని పట్టుకొనుట కష్టము కాదు. సీటుబెల్టును కడదాక లాగిచూడవలెను. పైకి కనబడు భాగమును కడుగుదురు గాని, లోపల చుట్టుకొనియుండు భాగమును కడుగువా రరుదు. కాలిక్రింది తివాచీ యెత్తి చేయిపెట్టి చూడవలెను. వెనుక స్టెప్నీచక్ర ముండు గుంటలో ఒండ్రుమట్టియున్నదా, సీట్లక్రింది యినుపకమ్ములు త్రుప్పుపట్టినవా యని చూడవలెను. మేము బెల్టు లాగగా మూరెడు దూరమున మట్టిచార యొకటి గీత గీచినట్లుండెను. "గది దుమ్ము మరక అక్కా" అని బ్రోకరు చెప్పెను. దుమ్ము గీతగీచి కూర్చుండునా? నీట మునిగిన కారు నేడు నడచును, ఱేపు నడచును. తీగలలోను, లోపలి కంప్యూటరు పెట్టెలోను చెమ్మ పనిచేయుట కాఱునెలలు పట్టవచ్చును. అపుడు ప్రాణము కాపాడవలసిన గాలిసంచి తెఱచుకొనక పోవచ్చును. మేము మాఱుమాటాడక ఇంటికి వచ్చితిమి.

రెండవకారు మేము పోవుసరికే ఇంజను వేడిగా నుండెను. చల్లని యింజను కదలించినపుడే దాని రోగము బయటపడును గనుక, మఱునాడు చెప్పకుండ ప్రాతఃకాలమున పోతిమి. తాళము త్రిప్పగానే లోపల గిలకలు దొర్లినట్లు చప్పుడై, వెనుకనుండి నీలిపొగ వచ్చినది. నీలిపొగ యనగా ఇంజనాయిలు కాలుచున్నదని యర్థము. తెల్లపొగ చలికాలపు టుదయమున కొంచెము వచ్చిన భయములేదు. ఇంజను వేడెక్కినపిదపను విడువక వచ్చిన, చల్లార్చు నీరు లోపలికి కాఱుచున్నదని యనుమానింపవలెను.

మూడవది మిర్యాలగూడలో నొక విశ్రాంతోద్యోగిది. 2016లో కొన్న వ్యాగన్ ఆర్, పెట్రోలుబండి. ఎత్తుగా నుండుటవలన మోకాళ్ల నొప్పిగలవా రెక్కి దిగుటకు సుకరము. మీటరులోని కిలోమీటర్ల సంఖ్య సర్వీసు కాగితములతో సరిపోయినది. టైర్ల ప్రక్కన నచ్చుపోసిన నాలుగంకెలను కూడ చదివితిమి. 2218 అని యున్నచో 2018వ సంవత్సరమున 22వ వారమున చేసిన టైరని తెలియవలెను. పైకి గాళ్లు లోతుగనే యున్నను, రబ్బరునకు వయస్సు మీఱినచో దూరప్రయాణమున చీలిపోవును. నాలుగు టైర్లు మార్పవలసియుండుటచే ఆ మేరకు ధర తగ్గింపుమని యడుగగా ఆయన న్యాయమేనని యొప్పుకొనెను. మేము వెంటగొనిపోయిన మెకానికు బండిక్రింద పడుకొని చూచి, "ఇది తీసుకోండ్రి" అనెను.

ఇంతవఱకు సుఖముగనే జరిగినది. చిక్కు కాగితములలో వచ్చినది.

రిజిస్ట్రేషను పత్రమున ఆ కారుమీద బ్యాంకు హక్కు ఇంకను వ్రాయబడియుండెను. అప్పు ఎన్నడో తీఱినది గాని, దానిని కొట్టివేయించుట ఆయన మఱచెను. అది పోవుటకు బ్యాంకు లేఖతో 35వ ఫారము, యాజమాన్యము మాఱుటకు 29, 30 ఫారములు కావలెను. పరరాష్ట్రపు బండియైనచో 28వ ఫారముతో నిరభ్యంతరపత్రము కూడ తేవలెను. బ్యాంకు లేఖ రావలసిన వేళకు రాలేదు. దసరా సెలవులు దగ్గఱపడినవి. నడుమనున్న బ్రోకరు, "సంతకాలు పెట్టిచ్చినం గద అక్కా, పోయి రాండ్రి, పేరు తర్వాత మారుతది" అనెను. మా యత్తగారికి నా మాటయే రుచించినది. "ముందుగాల దేవుని కాడికి పోదాం. కాయితాలు యాడికి పోతయి?" అనిరి.

మాకు మనస్సొప్పలేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, రవాణాశాఖవారి పుస్తకములలో నెవరి పేరున్నదో వారే చట్టముదృష్టిలో యజమానులనియు, బండి చేతులు మాఱినంత మాత్రమున ప్రమాదపు బాధ్యత తొలగదనియు చెప్పెను. మేము దారిలో నెవరికైన హాని చేసినచో, మిర్యాలగూడలో నిద్రించుచున్న ఆ వృద్ధుని మెడకు చుట్టుకొనును. మఱి బీమాయో? పరులకు గలుగు హానికి చట్టమువలన బీమా క్రొత్త యజమానికి సంక్రమించును గాని, మన బండికి గలుగు నష్టము మాట వేఱు. కొన్న పదునాలుగు దినములలో బీమాకంపెనీకి తెలియజేసి పాలసీని మన పేరునకు మార్చుకొనవలెను. మాజీ యజమాని కూడబెట్టిన నో-క్లెయిం రాయితీ ఆయనదే, మనకు రాదు.

"ఇప్పుడు పోము. సంక్రాంతికి పోదము" అని మేము చెప్పితిమి. మా యత్తగారు నాలుగు దినములు మాతో మాటలాడలేదు. దినమును గంగచెంబుమీది దుమ్ము తుడుచుచు, మాకు వినబడునట్లు నిట్టూర్చుచుండిరి. ఆ నాలుగు దినములు మేము పడిన బాధ చెప్పనలవి కాదు. ఆమె వయస్సు డెబ్బది దాటినది. సంక్రాంతివఱకు ఏమి జరుగునో యెవ రెఱుగుదురు? అయినను మేము కదలలేదు.

పేరు విషయమున మఱియొక మాట. గాజులు మావి గనుక కారు మా పేరనే యుండవలెనని మావారు పట్టుబట్టిరి. చాల యిండ్లలో ముచ్చటకు ఇల్లాలి పేర వ్రాయింతురు. కాని యజమానికై కట్టించుకొను పదునైదులక్షల ప్రమాదబీమా, పత్రమున పేరుండి, లైసెన్సుండి, తానే నడుపుచున్నవారికి వర్తించును. పేరు భార్యదై నడుపువాడు భర్తయైనచో అది ఆయనకు రాదు. మాకు లైసెన్సున్నది, నడుపుదుము. మావారికి విడిగా ప్రమాదబీమా తీసికొంటిమి. ఈ సంగతి విక్రయించువారుగాని, బ్రోకర్లుగాని చెప్పరు.

మార్గశిరమున క్రొత్త పత్రము సూర్యాపేటనుండి చేతికి వచ్చినది. సంక్రాంతి సెలవులలో వేకువన బయలుదేరి, మిర్యాలగూడ మీదుగా వాడపల్లికడ కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మార్గమున ఒంగోలు చేరితిమి. నెల్లూరున నొక రాత్రి, తిరుచిరాపల్లిలో నొక రాత్రి నిలిచితిమి. మొత్తము సుమారు వేయి కిలోమీటర్లు. చీకటిపడినపిదప నడుపమని యొట్టు పెట్టుకొని, వంతులవారీగా నడిపితిమి. దారిని గూర్చి చెప్పవలసిన విశేషము లేదు.

మూడవనాడు మధ్యాహ్నమునకు మండపము దాటి పాంబన్ వంతెన నెక్కితిమి. ఇది 1988లో తెఱవబడినది, రెండు కిలోమీటర్లకు మించిన పొడవు. అంతకుముందు కారును ద్వీపమునకు నడుపుకొనిపోవు దారియే లేదు. 1914లో కట్టిన రైలువంతెనయే ఆధారము. ఇప్పుడా ప్రక్కనే నడిమిభాగము నిలువున పైకి లేచు క్రొత్త రైలువంతెన 2025 ఏప్రిలులో ప్రారంభమైనది. దానిని చూచుటకు జనులు వంతెన నడుమ కార్లాపి, దిగి, ఫొటోలు తీసికొనుచుండిరి. వెనుక బస్సులు కూతలు పెట్టుచుండెను. సముద్రపుగాలి యడ్డముగ గొట్టి తేలికబండిని ప్రక్కకు నెట్టును. రెండుచేతులతో చక్రము పట్టుకొని మెల్లగ పోవలెను. చూడగోరువారు దాటినపిదప దిగి చూడవచ్చును.

మేము పోయిన దినములలో అయ్యప్పదీక్ష ముగించి వచ్చు భక్తుల వ్యానులతో ఊరు క్రిక్కిఱిసియుండెను. పుష్య, ఆషాఢ అమావాస్యలకు పితృకార్యములకై వచ్చువారి రద్దీ మఱింత యధికము. గుడిచుట్టునున్న వీధులలో కారు త్రిప్పుట తెలివితక్కువ పని. అఱగంటలో రెండుమార్లు తోపుడుబండ్లకు తగులబోయితిమి. వెంటనే బసకడ బండి నిలిపి, ఆటో పిలిచితిమి. వేయికిలోమీటర్లు నడిపినవారికి చివరి కిలోమీటరు ఆటోలో పోవుట నామోషీ గాదు. అగ్నితీర్థమున సముద్రస్నానము, లోపల ఇరువదిరెండు తీర్థముల స్నానము చేసినవారు ఆ తడిబట్టలతో కారెక్కినచో, ఉప్పునీరు సీట్లలో దిగి ఇనుమును తినివేయును. పొడిబట్టల సంచి చేతనుండవలెను. తడితో స్వామిదర్శనమునకును పోనీయరు.

మఱునా డుదయమున దేవస్థానమున రుసుము చెల్లించి గంగచెంబు అర్చకుల చేతికిచ్చితిమి. లక్క పగులగొట్టగా నీరు మూడేండ్ల క్రిందట నింపినట్లే తేటగా నుండెను. అభిషేకము కన్నుమూసి తెఱచునంతలో ముగిసినది. మా యత్తగారు వట్టిచెంబును కొంగున చుట్టుకొని, వేయికి మించిన స్తంభములతో సాగిన ఆ పెద్ద ప్రాకారములో ఎవరి యూతయు లేక నడచిరి. మోకాళ్ల సంగతి మేమును గుర్తుచేయలేదు.

సాయంకాలము ధనుష్కోటికి పోతిమి. ఒకప్పు డది రేవుపట్టణము. మద్రాసునుండి వచ్చు రైలు దిగి, ఓడయెక్కి, సింహళమునందలి తలైమన్నారునకు పోయెడివారు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపాను పట్టణమును ముంచినది. ప్రయాణీకులతో వచ్చుచున్న రైలును కెరటమీడ్చుకొనిపోయి, నూఱుమందికి పైగా మరణించిరి. ఆ పిదప ప్రభుత్వమువారు దానిని నివాసయోగ్యము కాదని ప్రకటించిరి. శిథిలమైన చర్చిగోడలు ఇసుకలో నిలిచియున్నవి. చాలకాలము జీపులు మాత్రమే ఆ యిసుకలో పోగలిగెడివి. 2017లో అరిచల్‌మునైదాక తారురోడ్డు పడినందున మనవంటివారి కార్లును పోవుచున్నవి.

ఆ రోడ్డు కిరుప్రక్కల సముద్రము. గాలికి ఇసుక రోడ్డుపైకి దొర్లివచ్చును. అంచు గట్టినేలవలె కనబడును గాని గట్టినేల కాదు. ఎదుట నొక వ్యాను వెనుకకు వచ్చుచుండగా మేము తప్పుకొనబోయి ఎడమచక్రము అంచు దింపితిమి. దిగినది కూరుకొనిపోయినది. బయటపడవలెనని వేగము పెంచితిమి. అది చేయరాని పని. చక్రము గిఱ్ఱున తిరిగి తన గోతిని తానే త్రవ్వుకొని, బండియడుగు ఇసుకకు తగిలినది. చీకటిపడకముందే అందఱిని పోలీసులు వెనుకకు పంపివేయు చోటది. మాకు చెమటలు పట్టినవి.

శంఖములు, గవ్వలు అమ్ముకొను పాక యొకటి ప్రక్కనుండెను. అందలి స్త్రీ ముందు మా యత్తగారిని చేయిపట్టి దింపి నీడను కూర్చుండబెట్టినది. పిదప ఇద్దఱు జాలరి యువకులను కేకవేసినది. వారు మమ్ము ఇంజ నాపుమని సైగచేసి, టైర్లలో గాలి సగము తీసివేసిరి. చక్రము ముందఱి యిసుకను చేతులతో తోడి, తాటిమట్టలు పఱచిరి. "మెల్ల, మెల్ల" అని చెప్పుచు వెనుకనుండి నెట్టగా, రెండవగేరులో మెత్తగ కదలి బండి రోడ్డెక్కినది. వారు డబ్బు పుచ్చుకొనలేదు. ఆ పాకలో మూడు శంఖములు కొంటిమి. బేరమాడుటకు నోరు రాలేదు. పాంబన్ చేరువ బంకులో మరల గాలి నింపించితిమి.

మఱునాడు రామనాథపురమున బండిని పైకెత్తించి, అడుగంతయు మంచినీటితో పిచికారి కొట్టించితిమి. ద్వీపమునుండి వచ్చిన బండికి పైరంగుకంటె అడుగు కడుగుట ముఖ్యము. ఉప్పిసుక గంపెడు రాలినది. కడుగు కుఱ్ఱవాడు కాలిక్రింది తివాచీలను దులుపబోగా మా యత్తగారు వలదని వారించి, అందలి యిసుకను జాగ్రత్తగ దోసిట పట్టి, గంగచెంబులో పోసికొనిరి. సేతువుకడి యిసుకను గంగలో కలుపుట ఆచారము గదా. మేము చూచుచు నిలుచుంటిమి.

"ఏమమ్మా, ఈ బండి ప్రయాగ దాకా పోతదంటవా?" అని యామె యడిగిరి.